చెంగయ్య పేరు మీద

హలో… ఆ, నేనే… అవును సార్, నెంబరు సరైందే. పుత్తూరు, బాషా జిరాక్స్ అంగడి.

…ఆడమనిషి గొంతే. నీ చెవులు బాగానే ఉండాయి.

…లేదు, చెంగయ్య లేడు. ఉన్నా ఇయ్యను. నెట్‌లో 'మగోడివైతే ఈ నెంబరుకు ఫోన్ చెయ్' అని రాసింది చెంగయ్య కాదు, నేను. నువ్వు చేసినావు. సంతోషం. మాట్లాడు.

…నవీన. చెంగయ్య కూతుర్ని.

…ఒక్కటి కాదు సార్, అన్నీ నేనే రాసినా. మూడు వారాలుగా నువ్వు కొట్లాడింది నాతో. మా నాయనకి కాలుక్యులేటర్‌లో కూడికే రాదు, ఇంక కంప్యూటర్ యాడ?

…యాల, ఎందుకు ఆయన పేరు అంటే? నవీన అని ఆడపేరు పెట్టుకొని రాసుంటే ఆ గ్రూపులో ఎవురన్నా జవాబు చెప్పేవాళ్ళా? ముందు ఇంకో గ్రూపులో నా పేరుతోనే రాసినా. భారతం గురించి ఒక ముక్క అడిగితే, 'ముందు నీ ఫోటో పెట్టు అమ్మాయీ' అన్నారు ఏడుగురు. అందుకే మా నాయన పేరు పెట్టుకున్నా.

…దొంగతనమా? సరే, దొంగతనమే అనుకో. నేను మా నాయన పేరు దొంగిలించినా. నువ్వు ఆ పేరుకి బురద పూసినావు. ఇద్దరిలో ఎవురిది పెద్ద తప్పో నువ్వే చెప్పు. తెలుగు లెక్చరర్‌వి గదా.

…'మీరు' అనల్లా? 'వాడు, వీడు, ఆ తాగుబోతు' అని మా నాయన్ని రాసినప్పుడు నీ 'మీరు' యాడికి పోయింది?

…అరవద్దు. అరవాల్సింది నేను. ఈ పొద్దు ఏం జరిగిందో తెలుసునా నీకు? పొద్దున తొమ్మిదికి అంగడి తీసినా. మొదటి గిరాకీ ఎవురు? మా ఊరి దామోదరం. ద్రౌపది గుడి పెద్ద. జేబులో నుంచి మడత పెట్టిన కాగితం తీసి, 'ముప్పై కాపీలు తియ్యమ్మా. చెంగయ్య కూతురివి గదా, దాపరికం ఎందుకని నీ అంగడికే వచ్చినా' అన్నాడు. విప్పి చూస్తే మా నాయన ఆట మీద నువ్వు రాసింది. 'తాగి ఊగిన దుర్యోధనుడు' అని పైన నువ్వు పెట్టిన పేరు. ఎవురి చేతనో నెట్‌లో నుంచి ప్రింటు తీయించి, నాలుగు దినాలుగా ఊర్లో చూపిస్తాండాడంట.

…తీసినా సార్. ముప్పై కాపీలూ తీసినా, నా చేత్తోనే. బాషా అన్న కాగితం కొనను తిరుపతికి పోయినాడు, అంగట్లో నేనొక్కతే. తియ్యను అంటే అదొక రచ్చ. ఒక్కొక్క కాగితం వేడివేడిగా బయటికి వస్తాంటే, ముప్పై సార్లు మా నాయన పేరు చూసినా. పిన్ను కూడా కొట్టిచ్చినా.

…నెట్‌లో రాసింది నెట్‌లోనే ఉంటాది అనుకుంటివా? నీకట్ల. మా ఊర్లో అచ్చులో ఉంటే పేపర్లో వచ్చినట్టే. 'చెంగయ్య సంగతి పేపర్లో పడింది గదప్పా' అని టీ అంగడి కాడ ఒకటే మాట. ఏ పేపరని అడిగేవాడు లేడు. అచ్చుగా ఉండాది, కింద తేదీ ఉండాది, అయిపాయె.

…అదీ ఉండాది. రెండో పేజీలో నేను రాసినవి కూడా ఉండాయి, చెంగయ్య పేరుతో. మొన్న మా నాయన్ని ఆపి, 'ఏమబ్బా, కంప్యూటర్లో లెక్చరర్లను తిడతాండావంట' అని అడిగినారంట. ఆయన నవ్వినాడు. ఎగతాళి చేస్తాండారు అనుకున్నాడు పాపం.

…నాకేం కావాలా? చెప్తా. రేపు శుక్రవారం గుడి కాడ తాంబూలం పెడతారు, ఆడి నెలలో ఆడే భారతం ఆటకి. నీకు తెలీనిది కాదు. తాంబూలం ఎవురి చేతిలో పడితే పద్దెనిమిది దినాల ఆట వాళ్ళది. ఇరవై ఆరేండ్లుగా దుర్యోధనుడి తాంబూలం మా నాయన చేతిలోనే పడతాండాది. రేపు పెట్టరంట. తిరుత్తణి పక్క నుంచి వేరే ఆటగాళ్ళ మేళాన్ని పిలిపించినారంట. నీ కాగితాలు రేపు పంచేదానికే. పంచి, అందరి చేతా 'వద్దు' అనిపించేదానికే.

…అందుకే ఫోన్ చెయ్యమన్నా. తాగినాడు అనే మాట తీసెయ్. ఈ పొద్దే తీసెయ్. దామోదరానికి ఫోన్ చేసి 'నేను తప్పు రాసినా' అని చెప్పు.

…సాక్ష్యమా? నువ్వు చూసినావు, నేను చూడలేదా? వడమాలపేట పక్క ఆ ఊర్లో, వైశాఖంలో. నేను ఆడోళ్ళ పక్క చాప మీద ఉండా. నువ్వు ముందర కుర్చీలో. ఒళ్ళో పుస్తకం, చేతిలో టార్చిలైటు. ఆట అయిపోయేలోపల నీ తల ఎన్ని సార్లు పైకి లేచిందో చెప్పేదా? నాలుగు సార్లు. నువ్వు మా నాయన్ని చూడలే సార్. యాడ తప్పు పోతాడా అని పుస్తకాన్ని చూస్తా కూర్చున్నావు.

…నాలుక మడత పడింది, ఒప్పుకుంటా. …మూతి ఒక పక్కకి పెట్టి వెకిలిగా నవ్వినాడా? …అది చూసినావు గదా, చాలు. …వాసనా? ఎంత దూరంలో ఉండావు నువ్వు? …ముప్పై అడుగుల దూరం నుంచి వాసన పట్టినావా? …పట్టలేదు. మరి తాగినాడని ఎట్ల రాసినావు?

…'మరి ఎందుకట్ల ఆడినాడు?' ఆ ప్రశ్నే. నెట్‌లో కూడా అదే, పదైదు సార్లు. నీ కింద 'భలే సార్, వదలొద్దు సార్' అని తాళం వేసేవాళ్ళు ఇంకో ఇరవై మంది.

…తెలుసు. …చెప్పను. …తెలిసీ చెప్పను సార్, ఏం చేస్తావు?

ఉండు, గిరాకీ వచ్చినాడు. …ఏమన్నా? రేషన్ కార్డా? రెండు పక్కలా ఒకే కాగితంలో వస్తాది, ఇయ్యి. …చిల్లర తర్వాత ఇద్దువులే, పో అన్నా. …హలో.

…ఉండావా? పెట్టేసి పోతావనుకున్నా.

…ఏ మాట? …శానా మాటలు రాసినా, ఏదని చెప్పేది? 'పందిట్లో పడుకునే కుక్కకు కూడా చెంగయ్య కంటే తాళం బాగా తెలుసు' అని నువ్వు రాసిన దినం, అంగడి మూసేదాకా నేను తిట్లే రాస్తా కూర్చున్నా. ఆ దినం రాసిందా?

…ఆ. మీ నాయన మీద. రాసినా. 'మునిరామయ్య గొంతెత్తితే ముందు వరసలో చంటిబిడ్డ కూడా లేచేది కాదు' అని.

…కోపం. అంతే. నువ్వు అడిగేదానికి నా కాడ చెప్పుకోదగ్గ జవాబు లేదు. జవాబు లేకపోతే చేతికి ఏది దొరికితే అది విసురుతాము గదా. ఆ పొద్దు మీ నాయన దొరికినాడు.

…ఎవురు చదివినారు? …నువ్వా? ఆయనకా? …గ్రూపులో వచ్చిందంతా రోజూ చదివి వినిపిస్తావా? …కళ్ళు పూర్తిగా పోయినాయా మునిరామయ్య తాతకి? …నాకు తెలీదు సార్. రాత్రిళ్ళు కనపడవని వేషం మానేసినాడని విన్నా, ఇట్ల అని తెలీదు.

…ఆ మాట దాకా వచ్చినాక ఆపొచ్చు గదా. …చదువుతా చదువుతా వచ్చేసినాదా నోట్లోకి.

…ఏమన్నాడు?

…'చెంగయ్యే అన్నాడా' అని అడిగినాడా.

…ఒక్కసారే అడిగినాడా. …నువ్వేం చెప్పినావు? …'చెంగయ్యే' అంటివా. నీకు తెలిసింది అంతేలే.

…ఎన్ని దినాలు? …పదకొండు దినాలుగా పొద్దున పద్యం అందుకోలేదా? …అంతకు ముందు రోజూ అందుకునేవాడా, ఈ వయసులో?

సార్. …సార్, ఒక మాట విను. తిట్టేది తర్వాత తిట్టు. మా నాయన ఆ మాట అనలే. ఆయనకి ఈ సంగతి తెలీనే తెలీదు. మీ నాయన కాడ తొమ్మిదేండ్లు ఉండి గద పట్టినోడు ఆయన. ఇప్పటికీ మొగానికి రంగు పూసే ముందు మునిరామయ్య పేరు తలచుకొని, ఆ తర్వాతే దేవుడికి మొక్కుతాడు. 'దేవుడు ఎనకనా?' అని మా అమ్మ తిడతాది కూడా.

…తప్పే. నీకు చెప్పను. ఆయనకి చెప్తా. ఫోన్ ఇయ్యి.

…యాల ఇయ్యవు? …'పేరు కూడా సొంతంగా లేనిదానివి, నీ మాట ఎట్ల నమ్మేది' అంటావా? …అను, అను. ఆ మాట పడాల్సిందే నేను.

…మళ్ళా అదే ప్రశ్ననా? …కారణం చెప్తే ఫోన్ ఇస్తావా? బేరం బాగుండాది. …బేరం కాదా? మరేంది? …'నేను చూసిందానికి కారణం వేరే ఉంటే, నేను రాసింది మార్చుకుంటా.' నువ్వు? ఈ మూడు వారాల్లో అచ్చు తప్పు కూడా దిద్దుకోలేదే నువ్వు!

…ఎవురికీ చెప్పవు. …ప్రమాణాలు వద్దు సార్. భారతం ఆడేవాని కూతుర్ని, ప్రమాణాలు శానా చూసినా.

…

మాఘమాసంలో. ఒక దినం పొద్దున్నే లేచి నీళ్ళు పుక్కిలిస్తే, ఎడం పక్క నుంచి కారిపోయినాయి. 'ఏంది నాయనా' అంటే 'నిద్రమత్తు' అన్నాడు. మళ్ళా పుక్కిలించినాడు, మళ్ళా కారిపోయినాయి. …ఆ. పక్షవాతం. …గట్టిగా అనొద్దు సార్, ఎవురన్నా వింటారు! …కాళ్ళూ చేతులూ బాగానే ఉండాయి. మొగానికి వచ్చింది. ఎడం పక్క మూతి జారిపోయినాది, ఎడం కన్ను సరిగ్గా మూతపడదు. నువ్వు వెకిలి నవ్వు అని రాసినావే, అది నవ్వు కాదు. ఇప్పుడు మా నాయన మూతి అట్లనే ఉంటాది. అన్నం తినేటప్పుడూ అట్లనే, ఏడ్చేటప్పుడూ అట్లనే.



…ఊర్లో ఎవురికీ తెలీదు. కామెర్లని చెప్పి నలభై దినాలు గూడూరులో మా మేనత్త ఇంట్లో పెట్టినాము. ఇప్పుడు తుండుగుడ్డ మొగానికి చుట్టుకొని, అడిగినోళ్ళకి పంటినొప్పి అంటాడు. …యాల దాచినామని నువ్వే అడుగుతావా? ఆటలో దుర్యోధనుడు పడాల్సిన చోట కాకుండా వేరే చోట పడితే ఊరికి కీడంట. రోగం ఉండేవాని చేతిలో తాంబూలం పెట్టరు. ఒకసారి చెయ్యి మారితే మళ్ళా తిరిగి రాదు. మీ నాయనకి వచ్చిందా తిరిగి?

…ఇప్పుడు చెప్పు. అంత మంది ముందర 'ఎందుకు, ఎందుకు' అని గుచ్చి గుచ్చి అడిగితే నేనేం రాయాల? తాగలే అంటే, మరెందుకు అంటావు. ఎందుకో చెప్తే వేషం పోతాది. రెండిట్లో ఏది రాసినా మా నాయనకే దెబ్బ. అందుకే నిన్ను తిట్టినా. తిట్టడం సులభం.

…ఇప్పుడా? కరెంటు పెట్టించుకోను పోయినాడు, మొగానికి. గురువారం గురువారం వస్తాడు పుత్తూరికి. అయిపోయినాక ఈడికొచ్చి నా కాడ అన్నం తిని పోతాడు.

…ఏమి? …పద్యాలా! ఇంతా విని మళ్ళా పద్యాల కాడికే వస్తివా? నీకు గుండె ఉండాదా సార్, పుస్తకం ఉండాదా ఆ చోట?

…పదకొండు పద్యాలు కాదు. తొమ్మిది వదిలేసినాడు. …నేనూ చూసుకున్నా. మేళంలో పద్యాలన్నీ నాకు నోటికి వచ్చు, ఎప్పుడూ ఎవురూ నన్ను అడగలేదు గానీ. …ఆ రెండూ సగం పాడినాడు. సగం పాడిందాన్ని వదిలేసినట్టు ఎట్ల చెప్తావు? …నువ్వు పదకొండు అను. నేను తొమ్మిదే అంటా.

…మర్చిపోలే. అదే చెప్తాండా. పెదవులు కలిపి పలికే అక్షరం వస్తే ఆయనకి గాలి జారిపోతాది. అవి ఎక్కువగా ఉండే పద్యాలు పక్కన పెట్టినాము. వంటింట్లో ఇద్దరం కూర్చొని, ఒక్కొక్కటీ పలికి చూసి ఏరినాము. పలకని చోట వచనం పెట్టుకున్నాడు, ఆయన సొంత మాట. నువ్వు 'మింగేసినాడు' అని రాసినావు. ఆయన నెలరోజులు ఏరినాడు సార్.

…ఆ. ఇది నువ్వు మొదటి దినమే అడగాల్సింది. 'ఈ పద్యాలే ఎందుకు వదిలినావు' అని. …అడిగినా చెప్పేదాన్ని కాదులే. అయినా తిట్టేదాన్ని కూడా కాదు.

…చివరి దినందా? నేల మీద పోసిన మట్టి దుర్యోధనుడి బొమ్మ మీద ఒరిగి చెప్పిందా? అప్పుడు నీ తల పుస్తకంలో ఉండాది, నువ్వు యాడ విన్నావు? …చెప్తా విను. 'ఒరే భీమా, తొడలు విరగ్గొట్టినావు, సరే. మొగం ఒక్కటి కొట్టొద్దురా. మా నాయనకి కళ్ళు లేవు. రేపు ఈ శవాల మధ్యలో తడుముకుంటా వస్తాడు. చేత్తో తడిమి నన్ను గుర్తుపట్టల్ల గదరా.' అంతే. నా పక్కన కూర్చున్న ముసలమ్మ చాప మీద నుంచి లేచి నిలబడింది.

…

…పుస్తకం తిరగేస్తాండావా? కాగితాల సద్దు వినిపిస్తాండాది.

…పుస్తకంలో లేదు. మా నాయన మాటే. …'దుర్యోధనుడు వేడుకోడు.' …ఆ? …చచ్చేటప్పుడు కూడా వేడుకోడా? …సార్, ఇదో, ఇది రాయి! 'చెంగయ్య దుర్యోధనుడు వేడుకున్నాడు, అది ఆ పాత్రకి తగదు' అని రాయి. దానికి నేను జవాబు చెప్తా. నా పేరుతోనే చెప్తా. తనకోసం వేడుకోడు, తండ్రికోసం వేడుకుంటాడు అని చెప్తా. …కాదంటావా? …ఇంకా కాదంటావా! …కాదను. ఆర్నెల్లు కాదను, నేనూ ఆర్నెల్లు చెప్తా. ఆ కొట్లాట వేరే. 'తాగుబోతు' అనేది వేరే.

…నువ్వు రాసింది మొత్తం చెడ్డదని నేను అనలే. అర్జునుడి వేషగాడు తపస్సుకని నిలువు మాను ఎక్కేదాని గురించి ముందర రాసినావే, అది చదివి ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకున్నా. బాగుండాదని అప్పుడే రాసుండాల్సింది. తర్వాత మా నాయన పేరు వచ్చినాది, ఇంక అదంతా పోయింది.

…రాస్తావా? 'తాగలేదు, తప్పు నాది' అని? …ఈ పొద్దే? …దామోదరానికి కూడా చేస్తావా? …ఆయన 'మరి ఎందుకట్ల ఆడినాడు' అని అడిగితే? …అబద్ధం చెప్పవు. నేను చెప్పమనలే. ఏదో ఒకటి… ఉండు. ఉండు సార్, మా నాయన మెట్లెక్కతాండాడు. పెట్టొద్దు.

రా నాయనా. …ఎవురూ కాదు, ఫోన్. …కూర్చో ముందు. …ఒక మాట చెప్పల్ల. అరవొద్దు. …టీ అంగడి కాడ వాళ్ళు అడిగింది ఎగతాళి కాదు నాయనా. కంప్యూటర్లో నీ పేరు పెట్టి రాసింది నేను. …తిట్టినా. …నువ్వు తాగి ఆడినావని ఒకాయన రాసినాడు, దానికి. …ఈయనే. రఘునాథ్ సార్. …ఆ, మునిరామయ్య తాత కొడుకే. …నీ మూతి సంగతి చెప్పేసినా. …చెప్పేసినా నాయనా! ఏం చేసేది? రేపు నీకు తాంబూలం ఇయ్యరంట. సార్ తప్పు ఒప్పుకొని రాస్తానంటాండాడు. దామోదరానికి కూడా ఫోన్ చేసి, నువ్వు తాగలేదని…

…ఏమి? …వద్దా? …యాల వద్దు?

…నాయనా, ఊరంతా నిన్ను తాగుబోతు అంటాండారు. రంగు పూసుకునే దినం కల్లు చుక్క ముట్టినోడివి కాదు నువ్వు. …అననీ అంటే? …రేపు పోయి ఏమంటావు? …'ఆ పొద్దు తాగినా, తప్పయింది' అంటావా? దామోదరం కాళ్ళ కాడ? …ద్రౌపది ముందర కర్పూరం ఆర్పి ఒట్టేస్తావా, ఇంక తాగనని? తాగనోడివి ఏమని ఒట్టేస్తావు నాయనా!

…

హలో. విన్నావా సార్? …మూతి సరిగా తిరగదు, నీకు తెలిసుండదు. నేను చెప్తా. 'తాగినోడు మానుకుంటాడని ఇంకో ఏడు చూస్తారు. రోగం వచ్చినోడిని ఇంక చూడరు. సార్ రాసింది అట్లనే ఉండనీ' అంటాండాడు. …అవును, ఉండనీ అంట. 'మేలే చేసినాడు' అంట.

…నా మీద అరిస్తే? నాకు మాత్రం కడుపు మండలేదా! మూడు వారాలుగా దేనికి కొట్లాడినా నేను?

…నిజం తెలిసినాక అబద్ధం పెట్టుకోలేవా? తెలీనప్పుడు మూడు వారాలు పెట్టుకున్నావు గదా, ఇంకొక్క దినం పెట్టుకో. రేపటి దాకా. తాంబూలం చేతిలో పడేదాకా. …తీసెయ్యమన్నది నేనే. ఇప్పుడు వద్దంటాండేది కూడా నేనే. …తలా తోకా లేకపోతే లేకపోనీ!

…నీ పేరు చెడిపోతాదా? …'రాసినవానిగా నాకు బాధ్యత ఉండాది.' ఉండాది, ఉండాది. ముప్పై అడుగుల దూరం నుంచి తాగినాడని రాసినప్పుడు నిద్రపోయినాదా ఆ బాధ్యత? ఈ పొద్దే లేచినాదా?

…ఈ పొద్దే రాస్తావా? …సార్. …సార్, ఒక్క దినం. …మొండోడివి. నీ అంత మొండోడిని నేను యాడా చూడలే. …రాసుకో అయితే. తాగలేదని రాయి, 'మరెందుకు' అని ఇరవై మంది కింద అడుగుతారు, రేపటికి ఇంకో ముప్పై కాపీలు. తాంబూలం తిరుత్తణి మేళానికి పోతాది. వాళ్ళకి నీ పద్యాలన్నీ వస్తాయిలే.

…ఏంది ఆ గొడవ? …ఎవురు లేచినారు? …తాతా? పక్కనే ఉండాడా ఇంతసేపూ? …నువ్వు అన్నవన్నీ వింటా పడుకున్నాడా! ఎవురికీ చెప్పనంటివే సార్! …'పక్షవాతమా' అని అరిచింది కూడా విన్నాడా.

…ఇయ్యి. ఇయ్యి సార్, అడుగుతాండాడు గదా!

…తాతా. నమస్కారం తాతా. …నవీన. చెంగయ్య కూతుర్ని. …తాతా, ముందు ఒక మాట. ఆ మాట అన్నది మా నాయన కాదు. నేను. నేను పుట్టేసరికే మీరు ఆట మానేసినారు. మీ గొంతు నేను ఎప్పుడూ వినలే. వినకుండానే రాసినా. …తప్పు తాతా. శానా తప్పు. …తిట్టండి, పడతా. …రాస్తా. నా పేరు పెట్టి, మీకు చెప్పిన ఈ మాటే అందరి ముందరా రాస్తా. ఈ పొద్దే రాస్తా.

…ఎడం పక్క. …ఆ, కన్ను కూడా. …కాళ్ళు బాగుండాయి. గద తిప్పుతాడు, బాగానే తిప్పుతాడు. …తొమ్మిది తాతా. …ఆ రెండూ సగం పాడితే పాడినట్టు కాదా? …సరే తాతా. పదకొండు.

…రేపా? …మీరా? గుడి కాడికి? …ఎవురు తీసుకొస్తారు మిమ్మల్ని? …సార్ ఒప్పుకుంటాడా? …వెనక ఏమో అంటాండాడు ఆయన. …అననీలెమ్మంటారా.

…దామోదరానికి ఏమి చెప్తారు? …తాగినాడని చెప్పరు. …రోగమనీ చెప్పరు. …మరేమని చెప్తారు తాతా? …'నేను నేర్పినోడు. ఆ తాంబూలం నా చేతికి ఇయ్యండి, వాని చేతిలో నేను పెడతా.' …అంతేనా? …'ఎందుకట్ల ఆడినాడు' అని అడిగితే? …'నన్ను అడుగు, వాణ్ణి అడగొద్దు' అంటారా.

…వినకపోతే?

…సరే తాతా. అప్పుడు అప్పటి సంగతి. …సార్‌కి చెప్పండి, రేపటిదాకా ఏమీ రాయొద్దని. నా మాట వినడు. …రేపటిదాకా ఆగుతాడంటనా? …ఎల్లుండి రాస్తాడంట. రాయనీ. నేనూ రాస్తా.

…ఉండాడు తాతా, ఈడనే ఉండాడు. ఇస్తా.

నాయనా, మునిరామయ్య తాత. నీతో మాట్లాడల్లంట. …నిజంగా, ఆయనే. ఫోన్లో ఉండాడు. …ఏడవొద్దు నాయనా, మాట రాదు మళ్ళా. …ఇట్ల దగ్గరికి రా, వైరు చాలదు. …చెప్పులు యాల విప్పుతావు, ఫోన్ గదా! …సరే, విప్పు. విప్పి రా. …ఇంద. ఆ పక్క కాదు, కుడి పక్క పెట్టుకో. నీ మాట ఆయనకి సరిగ్గా వినపడల్ల.